కునాల సరస్సూ, పులకేశి గొప్పతనమూ

రెండో పులకేశిని మనం "మహావిజేత" అని స్మరించాలా, అక్కర్లేదా? ఇదేదో బాదామివాళ్లు తేల్చుకోవలసిన తగాదా అని గోదావరి జిల్లాల పాఠకులకు అనిపించవచ్చు. కాదు. ఆ మహావిజేత గెలిచిన నేల మనది. ఆయన కూలగొట్టిన కోట పిఠాపురం. ఆయన సేనలు నెత్తుటితో ఎరుపెక్కించిన నీళ్లు కొల్లేటివి. ఓడినవాళ్ల ఊళ్లలో కూర్చుని గెలిచినవాడికి జేజేలు కొట్టడం మన సభల్లో ఆనవాయితీ అయిపోయింది. కనుక ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన బాధ్యత ముందు మనమీదే వుంది.

పొగిడేవారి వాదాన్ని నేను తగ్గించి చెప్పను. పులకేశి వేంగిని జయించి తమ్ముడు కుబ్జవిష్ణువర్ధనుణ్ణి ఇక్కడ నిలిపాడు. 624 ప్రాంతంలో తూర్పు చాళుక్య రాజ్యం పుట్టింది. నాలుగున్నర శతాబ్దాలు నిలిచింది. ఆ వంశంలోనే రాజరాజనరేంద్రుడు పుట్టాడు. ఆయన కొలువులో, రాజమహేంద్రవరంలో, నన్నయ భారతాన్ని తెనిగించడం మొదలుపెట్టాడు. కాబట్టి పులకేశి దండయాత్ర లేకపోతే తెలుగుకు ఆదికావ్యమే లేదు! రాజరాజు పట్టాభిషేకానికి 2022లో వెయ్యేళ్లు నిండాయి. ఆ సందర్భంలోనూ, ఆ తర్వాతా ఈ వాదం నేను చాలాసార్లు విన్నాను.

ముందు సాక్ష్యం సంగతి చూద్దాం. పులకేశి విజయాల గురించి మనకు తెలిసినదాంట్లో ప్రధానభాగం ఒకే ఒక్క శాసనం నుంచి వచ్చింది. అది కర్ణాటకలో ఐహొళె గ్రామంలో, మేగుటి జైనాలయం గోడమీద వుంది. కాలం శకవర్షం 556, అంటే 634-35. రాసినవాడు రవికీర్తి. గుడి కట్టించినవాడూ రవికీర్తే. ఆయనకు ఆ స్తోమత కల్పించింది పులకేశి అనుగ్రహం. కీర్తిలో తాను కాళిదాస భారవులంతటివాణ్ణని చెప్పుకున్నదీ ఆయనే. పిష్టం అంటే పిండి. పిష్టపురాన్ని రాజు పిండిచేశాడని ఆయనకొక శ్లేష దొరికింది. ఆ వెంటనే కునాల సరస్సు. మనుషుల నెత్తురు కలిసి, ఏనుగుల గుంపులు కమ్మిన ఆ నీళ్లు కవిగారికి సంజ మబ్బులు కమ్మిన ఆకాశంలా కనబడ్డాయి. కునాల అంటే మన కొల్లేరేనని చరిత్రకారులు గుర్తించారు. అక్కడ ఓడినవారు విష్ణుకుండినులని చాలామంది అభిప్రాయం.

ఉపమానం అందమైనదే. కాని ఆ నీళ్లలో తేలినవాళ్లెవరు? ఎంతమంది? ఏ ఊళ్లవాళ్లు? కవి చెప్పడు. చెప్పవలసిన అవసరం ఆయనకు లేదు. శాసనం ఆరంభంలో జినేంద్రుడికి జయం పలికాడు. అంటే అహింసే పరమధర్మమన్న మతానికి మొక్కి కలం పట్టాడు. నాలుగు శ్లోకాలు నడిచేసరికి మనిషి నెత్తురు అలంకారమైపోయింది! ఇది రవికీర్తి ఒక్కడి దోషం కాదు. రాజు తిండి తిని రాజును కొలిచే ప్రశస్తి అనే ప్రక్రియ స్వభావమే అంత. మన తెలుగు పద్యమూ ఆ ఊడిగం తప్పించుకోలేదు. 848 నాటి అద్దంకి శాసనం మనకు దొరికిన తొలి తెలుగు పద్యశాసనాల్లో ఒకటి. తరువోజలో హాయిగా నడిచే ఆ పద్యం కీర్తించేదెవరిని? బోయల కొట్టాలు పన్నెండు పట్టుకున్న చాళుక్య సేనాని పండరంగణ్ణి. ఆ కొట్టాలు పోగొట్టుకున్న బోయలు చెప్పిన పద్యం మనకు మిగలలేదు.

పిఠాపురానికి ఇదే మొదటి దెబ్బ కూడా కాదు. నాలుగో శతాబ్దంలో సముద్రగుప్తుడు దక్షిణాపథంమీదికి వచ్చినప్పుడు ఓడిన రాజుల జాబితాలో పిష్టపురమూ వుంది, వేంగి హస్తివర్మా వున్నాడు. అది చెప్పేదీ ఆస్థానకవి హరిషేణుడే. పట్టుకుని, విడిచిపెట్టి, అనుగ్రహించాడట! అడగనివాడి ఇంటిమీద పడి, తన్ని, వదిలిపెట్టడం అనుగ్రహమైతే దారిదోపిడిగాడు కూడా కొంత అనుగ్రహం చూపుతూనే వున్నాడు. ఈ సముద్రగుప్తుణ్ణి "భారత నెపోలియన్" అన్నవాడు విన్సెంట్ స్మిత్ అనే ఇంగ్లీషు అధికారి. పరాయి ప్రభుత్వపు ఉద్యోగి తన గజంబద్దతో మన చరిత్రను కొలిచాడు. స్వాతంత్ర్యం వచ్చాక మనం ఉద్యోగిని పంపించాము, గజంబద్దను దాచుకున్నాము.

ఇక నన్నయ వాదం. పులకేశి రాకముందే రేనాటి చోళులు తెలుగులో శాసనాలు వేయించారు. ఇప్పటి కడప జిల్లాలోని కలమళ్ల శాసనం సుమారు 575 నాటిది. తెలుగును రాతిమీదికి ఎక్కించడానికి కొల్లేటిలో నెత్తురు కలపనక్కరలేదని ఆ రాయే సాక్ష్యం. పోనీ, కావ్యం మాటేమిటి? నన్నయ రాసింది రెండున్నర పర్వాలు. మిగిలిన అరణ్యపర్వాన్ని పూరించిన ఎఱ్ఱన రెడ్డిరాజుల కాలంవాడు. పదిహేను పర్వాలు రాసిన తిక్కన నెల్లూరివాడు. ఆయన్ను ఆదరించిన మనుమసిద్ధి తెలుగుచోడుడు. ఈ లెక్కన భారతంలో అధికభాగానికి పులకేశి వంశానికీ ఏ సంబంధమూ లేదు. ఆ రెండున్నర పర్వాలకైనా కారణం నన్నయ చదువు, ప్రతిభ, రాజరాజు అభిరుచి, అప్పటికే జనం నోట నానిన భాష. నాలుగు వందల ఏళ్ల తర్వాత పూసిన పువ్వుకు, నాలుగు వందల ఏళ్లనాడు తోట తగలబెట్టినవాణ్ణి తోటమాలి అనగలమా?

పైగా ఆ భారతం చెప్పేదేమిటి? గెలిచిన ధర్మరాజు సింహాసనం ఎక్కనని ఏడుస్తాడు. స్త్రీపర్వంలో యుద్ధభూమినిండా శవాలను వెతుక్కునే ఆడవాళ్లు. విజేతకు మహత్వం కట్టబెట్టడానికి ఈ గ్రంథాన్ని సాక్ష్యం పిలిచేవారు దాన్ని చివరిదాకా చదివినట్లు లేదు.

పులకేశి ఆస్తి రాజరాజుకు ఏ రూపంలో దక్కిందో కూడా చూడాలి. కొల్లేటికి దాపునే కలిదిండి వుంది. రాజరాజుకు సాయం వచ్చిన చోళ సేనకూ, కర్ణాట సేనకూ అక్కడ యుద్ధం జరిగింది. అటు కల్యాణి చాళుక్యులు, ఇటు వేంగి చాళుక్యులు. ఇద్దరూ తమది చాళుక్య వంశమేనని చెప్పుకున్నవారే. చనిపోయిన ముగ్గురు చోళ సేనానుల జ్ఞాపకార్థం రాజరాజు శివాలయాలు కట్టించి శాసనం రాయించాడు. ముగ్గురికి గుళ్లు దక్కాయి. వాళ్ల వెనక నడిచి కూలినవాళ్లకు గుడి సరే, పేరైనా దక్కలేదు.

"పాతకాలపు రాజుల్ని నేటి కొలతలతో కొలవరాదు, అది వారి కాలధర్మం" అని మరికొందరంటారు. ఈ మాటలో పెద్దమనిషితనం వుంది గాని నిజం లేదు. ఈ కొలత నేటిది కాదు. పులకేశికి తొమ్మిది వందల ఏళ్లకు ముందే అశోకుడు కళింగయుద్ధపు లెక్క రాతిమీద చెక్కించాడు. లక్షమంది హతులు, లక్షా యాభైవేలమంది చెరపట్టి తరలింపబడ్డవారు, అంతకు ఎన్నోరెట్లు తర్వాత చచ్చినవారు. ఆ శాసనం మన కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడిలోనూ వుంది. అశోకుణ్ణీ నేను వెనకేసుకురాను; పశ్చాత్తాపం ప్రకటించాడే గాని కళింగాన్ని తిరిగి ఇవ్వలేదు, కళింగంలో వేయించిన శాసనాల్లో ఈ పశ్చాత్తాపాన్నే చేర్చలేదు. అయినా చచ్చినవాళ్లను లెక్కపెట్టవచ్చునని ఆయనకు తట్టింది. ఆ తర్వాత వచ్చినవాళ్లు తెలియక తప్పు చేశారనడానికి వీల్లేదు.

గెలుపే గొప్పతనమైతే దాని గతి ఏమిటో 642 చెప్పింది. పల్లవ నరసింహవర్మ వాతాపిమీద పడి నగరాన్ని పట్టుకున్నాడు. వాతాపికొండ అని బిరుదు పెట్టుకున్నాడు. అప్పుడు మహావిజేత ఎవరు? బాదామిలో ఒకడు, కంచిలో మరొకడు. ఎల్లలు దాటితే చెల్లని నాణెం లాంటి గొప్పతనమిది.

మరి ప్రజలెక్కడున్నారు? తూర్పు చాళుక్యుల తామ్రశాసనాలు తీసి చూడండి. ఫలానా విషయంలోని రాష్ట్రకూట ప్రముఖులైన కుటుంబులందరికీ రాజు ఆజ్ఞాపిస్తాడు. కుటుంబులంటే సేద్యం చేసుకునే గృహస్థులు. ఫలానా ఊరు ఫలానావారికి దానమిచ్చాము, తెలుసుకోండి అని ఆజ్ఞ. నేల దున్నేవాడికి శాసనంలో దొరికిన స్థానం అదీ: వినడం. విష్ణుకుండినుడు పోయి చాళుక్యుడు వచ్చినా పండించే చేయి మారలేదు. పంచుకునే చేయి మారింది.

ఈ డెల్టా ప్రజల జ్ఞాపకం మాత్రం వేరే లెక్కలో నడిచింది. ధవళేశ్వరం ఆనకట్టను 1847-52 మధ్య కట్టించిన ఆర్థర్ కాటన్ విగ్రహాలు ఇక్కడ ఎన్నో ఊళ్లలో వున్నాయి. ఆయన కంపెనీ ఉద్యోగి. కంపెనీకి కావలసింది శిస్తు. అది రైతుకు తెలియక కాదు. చేలకు నీళ్లు వచ్చాయా, రాలేదా అన్నదే అతని ప్రశ్న. కాలవలు తవ్విన కూలీలకు విగ్రహాలు లేకపోవడం మన బాకీ. దాన్ని మరోసారి మాట్లాడుకోవాలి. కాని రైతు వేసిన ప్రశ్న సరైనది. నీళ్లు తెచ్చినవాణ్ణి తలుచుకునే నేలమీద, నీళ్లు ఎరుపెక్కించినవాణ్ణి మహానుభావుడనమంటే ఎలా?

పులకేశిని పాఠ్యపుస్తకాలనుంచి చెరిపేయమని నేననడం లేదు. హర్షుణ్ణి నర్మద దాటనివ్వని బలవంతుడు, విశాలరాజ్యం ఏలినవాడు, పిల్లలు తెలుసుకోవలసిందే. అయితే పెద్ద రాజ్యం వేరు, పెద్ద మనిషి వేరు. "మహా" అనే మాట తీసేయండి. ఆ తీసిన చోట ఒక్క వాక్యం రాయండి: ఈ రాజు సేనలు పిఠాపురాన్ని నేలమట్టం చేశాయి, కొల్లేటి ఒడ్డున మనుషుల్ని చంపాయి, చచ్చినవారి సంఖ్య ఆయన కవి రాయలేదు. ఎందుకు రాయలేదని తరగతిలో ఒక పిల్ల లేచి అడిగితే, అక్కడ చరిత్ర పాఠం మొదలవుతుంది.