కార్చిచ్చు - కాపురము

కార్చిచ్చును ఆర్పవలెనా, కాలనీయవలెనా? అమెరికా అనుభవమును పరికింతము.

1910 ఆగస్టులో ఐడహో, మోంటానా ప్రాంతములలో రెండు దినములకే సుమారు 30 లక్షల ఎకరముల అడవి దగ్ధమయ్యెను. ఆ భయము మాయకయే అచ్చటి అటవీశాఖ 1935లో ఒక నియమము చేసెను: ఏ మంటనైనను మరునాటి ఉదయము 10 గంటలకు అదుపుచేయవలెను. ఫలితమేమి? చిన్న మంటలు తినవలసిన ఎండుటాకులు, పొదలు ఏండ్లతరబడి పేరుకొని పెద్ద మంటలకు మేతయైనవి. 1978లో ఆ నియమమును విడిచిరి.

అట్లని ఇండ్ల చెంతకు వచ్చిన మంటను చూచుచు కూర్చుండరాదు. 2018 నవంబరులో కాలిఫోర్నియాలోని పారడైజ్ పట్టణమును, పరిసరములను కాల్చిన అగ్నికి 85 మంది ఆహుతియైరి.

కావున జనవాసమునకు దూరమున పిడుగుపాటున పుట్టిన మంటను, కావలియుండి, కాలనీయవచ్చును. ఊరి చేరువ ఆర్పియే తీరవలెను. కాని ఆ పోరాటము నిప్పు పుట్టకముందే ఆరంభము కావలెను. ఇట్టి అగ్నులలో పెక్కిండ్లను అంటించునది మంటల వరుస కాదు, గాలికెగిరివచ్చు నిప్పురవ్వ. ఇంటిచుట్టు ఎండుటాకు లేకుండ ఊడ్చుట, మంటకు తాళు పైకప్పు వేయుట, అనువైన ఋతువున అడవిలోని చెత్తను అదుపులో కాల్చుట - ఇవియే అసలు రక్షణ.

ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్వువానిని చూచి నవ్వుదుము. చూరుక్రింద ఎండుటాకులు పేర్చుకొని అడవిని నిందించువాడు అంతకన్న తెలివైనవాడా?