పని వేరు, వ్యాయామం వేరు

వేలూరు జిల్లా గుడియాత్తంలో మగ్గం మీద కూచునే మనిషికి నడుం నొప్పి తగ్గాలంటే వ్యాయామం చెయ్యమని చెబితే ఏం జవాబు వస్తుందో అందరికీ తెలుసు. పొద్దుగూకులూ ఒళ్లు హూనం చేసుకుంటున్నాం, మళ్లీ వ్యాయామం ఎందుకు అంటారు. పొన్నై పక్క మళ్లలో నాట్లు వేసే ఆడవాళ్లదీ, ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లదీ ఇదే మాట. వినడానికి న్యాయంగానే ఉంటుంది, కానీ తప్పు. పైగా ఈ తప్పుకు మూల్యం చెల్లిస్తున్నది రెక్కాడితే గాని డొక్కాడని జనం కనుక, దీన్ని ఓపిగ్గా విప్పి చూడాలి.

గుంత మగ్గం దగ్గర నేతపని ఎలా ఉంటుందో గమనించండి. కాళ్లు గుంతలో తొక్కుతుంటాయి, ఒక చేయి నాడెను ఆడిస్తుంది, ఇంకో చేయి వేసిన పోగును దగ్గరికి కొడుతుంది. నడుం మాత్రం ముందుకు వంగి అలాగే ఉండిపోతుంది. పోగు తెగితే ఇంకాస్త వంగి అతకాలి. బీడీల పనిలో ఆడేవి వేళ్లు మాత్రమే, మెడా వెన్నూ కదలవు. నాట్లలో గంటల తరబడి నడుం ఎత్తే వీలే ఉండదు. కండరం బలపడాలంటే దాని మీద బరువు కొద్దికొద్దిగా పెరగాలి, మధ్యమధ్య విశ్రాంతి దొరకాలి, అన్ని వైపులకీ కదలిక ఉండాలి. చాకిరీలో ఈ మూడూ మన చేతిలో ఉండవు. ఎన్ని బీడీలు, ఎన్ని లుంగీలు అన్న లెక్కే వేగాన్ని నిర్ణయిస్తుంది. గుండె జబ్బులూ ఆయుష్షూ విషయంలో ఇలాంటి తేడానే డెన్మార్క్ పరిశోధకులు చూపారు. తీరిక వేళ చేసే శ్రమ ఇచ్చే మేలు, బతుకుతెరువు కోసం చేసే శ్రమ ఇవ్వడం లేదన్నారు.

వెన్నును నిలబెట్టేది ఎముకలొక్కటే అనుకోవడం పొరపాటు. పొట్ట చుట్టూ లోపలి పొరలో ఒక కండరం పట్టీలా ఉంటుంది. వెనక వెన్నుపూసల్ని ఒకదానితో ఒకటి కలిపి పట్టుకునే చిన్న కండరాలుంటాయి. పైన ఊపిరి తీయించే పొర, కింద కటి కండరాలు. వీటన్నిటినీ కలిపి కోర్ అంటున్నారు. ఆస్ట్రేలియాలో పాల్ హాడ్జెస్, కెరొలిన్ రిచర్డ్‌సన్ 1996లో ఒక సంగతి బయటపెట్టారు. మనం చేయి ఎత్తబోతే, చేయి కదలకముందే పొట్టలోని ఆ లోపలి కండరం బిగుసుకుని నడుముకు ఆసరా ఇస్తుంది. నడుం నొప్పి ఉన్నవారిలో అది ఆలస్యంగా మేల్కొంటుంది. జూలీ హైడ్స్ బృందం మరో అడుగు వేసింది. మొదటిసారి నడుం పట్టేసిన 39 మందిని గమనిస్తే, నొప్పి తగ్గినా వెన్ను పక్క కండరం తనంతట తాను మునుపటి స్థితికి రాలేదు. దానికి తర్ఫీదు ఇచ్చిన వారిలో ఏడాదిలోపు నొప్పి తిరగబెట్టింది 30 శాతం మందికి, ఇవ్వని వారిలో 84 శాతం మందికి. చిన్న అధ్యయనమే అయినా, నొప్పి పోయిందంటే నయమైపోయినట్టే అన్న మన నమ్మకాన్ని అది గట్టిగా ప్రశ్నిస్తుంది.

ఇక్కడ పెద్ద అభ్యంతరం వస్తుంది. నడుం నొప్పిస్తుంటే పడుకోవాలి గానీ కదలడమేమిటి? వేలూరు వెళ్లి స్కానింగ్ తీయించి, బెల్టు కట్టుకుంటే చాలదా? 1986లోనే అమెరికాలో రిచర్డ్ డేయో ఏడు రోజులు మంచం పట్టమన్నవారినీ రెండు రోజులే పడుకోమన్నవారినీ పోల్చి చూశారు. రెండు రోజుల వారు పని పోగొట్టుకున్న దినాలు 45 శాతం తక్కువ. దీర్ఘకాలిక నడుం నొప్పిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాలు వ్యాయామాన్ని సిఫార్సు చేశాయి, నడుం బెల్టులు మామూలుగా వాడొద్దన్నాయి. స్కానింగ్ సంగతీ అంతే. ఏ నొప్పీ లేని 3,110 మంది చిత్రాలను పరిశీలించిన 2015 నాటి సమీక్షలో, ఇరవై ఏళ్ల వారిలోనే 37 శాతం మందికి వెన్నుపూసల మధ్య ఉండే డిస్కు అరుగుదల కనిపించింది. ఎనభై ఏళ్ల వారిలో అది 96 శాతం. డిస్కు జరిగిందన్న మాట వినగానే బిందె ఎత్తడానికే జంకుతూ ముడుచుకుపోయేవాళ్లను తలచుకుంటే బాధేస్తుంది. అయితే కాలు పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం ఆగకపోయినా, జ్వరంతో నొప్పి వచ్చినా, కిందపడ్డాక మొదలైనా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

కోర్ మాట ఇప్పుడు ఫ్యాషనైపోయిందనే విమర్శ కూడా ఉంది, అందులో నిజముంది. ఈ ప్రత్యేక కసరత్తులు మిగతా వ్యాయామాల కన్నా మెరుగని తేలలేదని 2016 కాక్రేన్ సమీక్ష చెప్పింది. 2024లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఆస్ట్రేలియా ప్రయోగంలో 701 మంది పాల్గొన్నారు. క్రమంగా నడక పెంచుకున్నవారికి నొప్పి తిరిగి రావడానికి సగటున 208 రోజులు పట్టింది, నడవనివారికి 112. కాబట్టి నడవగలిగినవారు నడవాలి. కానీ పొద్దున్నే వంట, ఆపై పని, చీకటి పడ్డాక ఇల్లు. ఇలా రోజు గడిచే ఆడమనిషికి రోడ్డు మీద నడిచే వేళేదీ? చాపంత చోటులో అయ్యే కసరత్తు ఆమెకే ఎక్కువ అవసరం. అరచేతులూ మోకాళ్లూ నేలకానించి, నడుం ఊగకుండా కుడిచేయి ముందుకీ ఎడమకాలు వెనక్కీ చాపి, ఎనిమిది పది సెకన్లు ఊపిరి బిగపట్టకుండా నిలిపి, వైపు మార్చాలి. తర్వాత పక్కకు ఒరిగి మోచేతి మీదా మోకాలి మీదా తుంటి పైకెత్తాలి. ఇంకోటి, వెల్లకిలా పడుకుని ఒక మోకాలు మడిచి, నడుం కింద చేతులు పెట్టుకుని, తలా భుజాలూ నేల నుంచి కాస్తంత లేపడం. ఈ మూడింటినీ కెనడా ఆచార్యుడు స్టువర్ట్ మెక్‌గిల్ ప్రచారంలోకి తెచ్చారు. పడుకుని పూర్తిగా లేచి కూచునే పాత బడి కసరత్తు డిస్కుల మీద భారం పెంచుతుంది, నడుం నొప్పి ఉన్నవాళ్లకు అది వద్దు.

ఇదంతా వేలూరుకు కొత్తేమీ కాదు. 1954లో వాహన ప్రమాదంలో వెన్ను దెబ్బతిని కాళ్లు చచ్చుబడిన సర్జన్ డాక్టర్ మేరీ వర్గీస్, న్యూయార్క్‌లో శిక్షణ పొంది వచ్చి ఇక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ)లో పునరావాస వైద్యాన్ని నిలబెట్టారు. 1966లో బాగాయంలో అందుకో సంస్థే వెలిసింది. శస్త్రచికిత్సతో వైద్యం అయిపోదని, మనిషిని మళ్లీ తన పనిలోకి చేర్చడం కూడా వైద్యమేనని ఆమె నమ్మారు. ఆ జ్ఞానం ఆస్పత్రి గేటు దాటి మగ్గాల దాకా రావాలి. 2021 ఆగస్టులో తమిళనాడు ప్రభుత్వం మొదలుపెట్టిన మక్కళై తేడి మరుత్తువం పథకం ఫిజియోథెరపీని ఇంటి గుమ్మానికే తెచ్చింది, కాకపోతే ఆ సేవ ముఖ్యంగా మంచాన పడ్డవారి కోసం. ఆ ఫిజియోథెరపిస్టులే నెలకో పూట నేత సంఘంలో నూలు పంచే రోజున, బీడీ ఆకు తూచి ఇచ్చే చోట చాప పరిచి ఈ మూడు కసరత్తులూ చేయించాలి. ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలకు తెలుగులోనే చెప్పాలి. ఆ పది నిమిషాలకు కూలి కోయకూడదు.