సంగటి ముద్ద

కడప ప్రాంతమున ఇద్దరు ఎదురుపడినప్పుడు "బువ్వ తింటివా?" యని అడుగుట వాడుక. చీనా దేశమున గూడ పెద్దలు "భోజన మైనదా?" యని ఒకరి నొకరు పలుకరించుకొందురు. 1876–78 నాటి మహాక్షామమువంటి కఱవులను చూచిన నేలపై క్షేమసమాచారమునకు ముందే భోజనము మాట వచ్చుట వింత కాదు. ఆ ప్రశ్నకు రాయలసీమ యిండ్లలో తరతరములుగా వచ్చిన జవాబు సంగటి. ఇప్పుడు ఆ జవాబు మాఱుచున్నది.

కడప జిల్లాలో ఏడాదికి కురియు వాన సగటున 700 మిల్లీమీటర్ల ప్రాంతమే. సుంకేసుల వద్దనుండి తుంగభద్ర నీటిని తెచ్చు కర్నూలు–కడప కాలువవంటి వాని క్రింది మాగాణులను విడిచినచో తక్కినదంతయు ఇంచుమించు మెట్టయే. రాగి, కొఱ్ఱ, జొన్న అట్టి నేలలో కొద్ది తడితో పండును. కొఱ్ఱపంట మూడు నెలలకే చేతికి వచ్చును. రాగులు పురుగు పట్టక ఏండ్ల తరబడి నిలువ యుండును. ఈ వంట ఆ నేలను బట్టి పుట్టినది.

సంగటి చేయుట చూచువారికి సులభముగా తోచును. నూకలను మెత్తగా ఉడికించి, వానిపై రాగిపిండిని కుప్పగా పోసి, మూత పెట్టి సన్నని సెగపై మగ్గనీయవలెను. పిమ్మట ఉండ కట్టకుండ తెడ్డుతో గెలుకవలెను. బలము, ఓపిక, నేర్పు మూడును ఇచ్చటనే కావలెను. నీరు ఎక్కువైన జావ యగును. తక్కువైన పిండి పచ్చిగా మిగులును. తడిచేతితో ముద్ద చేసి, నడుమ గుంట చేసి నేయి వేసి, ప్రక్కన వేరుసెనగల ఊరిబిండియో, గోంగూర పుల్లకూరయో, పండుగనాడు కోడిపులుసో వడ్డింతురు. ఆ ముద్దను వేడిగా నున్నప్పుడే తినవలెను. అందుచేత ఇంటిల్లిపాదియు ఒక్కసారి కూర్చుండవలసి వచ్చును. మిగిలిన దానిని మఱునాటి యుదయమున మజ్జిగలో పిసికి త్రాగుట వేఱు సంగతి.

సంప్రదాయమనగా ఎన్నడును మాఱనిది యని కొందఱు తలంతురు. సంగటి పళ్ళెమును పరిశీలించిన ఆ భ్రమ తొలగును. రాగి తూర్పు ఆఫ్రికా ఎత్తుభూములనుండి వేల యేండ్ల క్రిందట వచ్చినది. కొఱ్ఱలను మొదట సాగు చేసినవారు ఉత్తర చీనా రైతులు. సుమారు 8,000 ఏండ్లనాడే అచ్చట వానిని పండించిరి. నేటికిని ఆ ప్రాంతమున కొఱ్ఱల జావ ఇంటివంటలలో నొకటి. వేరుసెనగ దక్షిణ అమెరికాది. మిరపకాయ 16వ శతాబ్దమున పోర్చుగీసువారి ఓడలలో దిగినది. అంతకు ముందు కారమునకు మిరియములే దిక్కు. ఇన్ని దేశముల పంటలను ఒక్క పళ్ళెములో కూర్చినవారు పొయ్యిముందు కూర్చున్న తల్లులు. వారి పేళ్ళు ఏ గ్రంథమునను లేవు.

ఆ పళ్ళెమునకు చాలకాలము గౌరవము లేకపోయెను. వరియన్నము కలవారి భోజన మనియు, సంగటి లేనివారి కూడనియు జనులు తలంచిరి. 1983లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కిలో బియ్యము 2 రూపాయలకు ఇయ్యసాగినది. పేదల ఆకలి తీర్చుటలో అది మేలే చేసినది. దానిని తప్పుపట్టుట కడుపు నిండినవారి మాట. అయితే మెట్టధాన్యములు క్రమముగా వంటయింటినుండి తప్పుకొనుటకు అదియు నొక కారణమైనది. 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు మించిన సున్నము కలదు. తెల్లబియ్యములో 10 మిల్లీగ్రాముల ప్రాంతమే. ఎదుగు పిల్లల ఎముకలకు కావలసిన దానిని ఇంటినుండి వెడలగొట్టి, అంగడి డబ్బాలలో కొనితెచ్చుకొనుట తెలివి యనిపించుకొనదు. భారతదేశము ప్రతిపాదింపగా ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. పట్టణపు హోటళ్ళలో సంగటి ఇప్పుడు గొప్ప వంటకముగా అమ్ముడుపోవుచున్నది. ఒకనాడు సిగ్గుపడి దాచుకొన్న ముద్దను నేడు వెల పెట్టి తినుచున్నారు.

హోటలు సంగటికి రుచి లేదని ఎవ్వరును అనరు. దానిని వండుటలో తినువారి చేయి లేకపోవుటయే లోటు. చీనావారు తమ చాంద్రమాన సంవత్సరాదికి ముందురాత్రి ఎంత దూరముననున్నను ఇల్లు చేరి కలిసి భుజింప యత్నింతురు. ఉత్తరప్రాంతమువారు ఆ రాత్రి ఇంటిల్లిపాదియు కూర్చుండి, పిండిరేకులలో కూర పొదిగి కుడుములవంటివి చేయుదురు. తాతలును మనుమలును గూడ చేయి వేయుదురు. పెక్కు సీమయిండ్లలో ఇదియే కొఱవడినది. తండ్రియు పిల్లలును వేడిముద్ద తినుచుండగా తల్లి వడ్డించుచు నిలుచుండును. ఆమె కూర్చుండునప్పటికి ముద్ద చల్లారి గట్టిపడును. దానిని కలిసి భోజనము చేయుట యనరాదు.

తిరుగలిపాటలు పోయినవని విచారించువారు కొందఱు కలరు. వారిలో తిరుగలి త్రిప్పినవారు అరుదు. పిండిమర వచ్చి స్త్రీల భుజములకు విశ్రాంతి నిచ్చుట మంచిదే. పాతవంట నిలువవలెనన్న మిగిలిన శ్రమ గూడ ఇంటివారందఱిదియు కావలెను. తెడ్డు పట్టుటకు భుజబలము కావలెననుచునే ఆ పనిని ఆడువారికే విడుచుట వింత న్యాయము. ఎనిమిదవ తరగతి బాలుడు ఆదివారమునాడు నూకలు కడిగి, పొయ్యి వెలిగించి, తెడ్డు పట్టవచ్చును. మొదటిసారి ఉండలు కట్టకపోవు. ఆ పూట తల్లి ముందుగా పీటపై కూర్చుండగా, తక్కినవారు ఆ ఉండలను చిదుపుకొనుచు తినవలసినదే.