గోల్ కొట్టనివాడి గొప్పతనం

2024 ఆగస్టు 8న పారిస్‌లో స్పెయిన్‌ను 2-1తో ఓడించి భారత హాకీ జట్టు ఒలింపిక్ కాంస్యం గెలిచింది. ఆ మ్యాచ్‌తోనే గోల్‌కీపర్ పి.ఆర్. శ్రీజేశ్ అంతర్జాతీయ హాకీకి సెలవు చెప్పాడు. 2006లో కొలంబోలో దక్షిణాసియా క్రీడలతో మొదలైన అతని ప్రయాణం పద్దెనిమిదేళ్లు సాగింది. నాలుగు ఒలింపిక్స్, మూడు వందలకు పైగా మ్యాచ్‌లు ఆడాడు. ఆట అయిపోయింది గానీ అతని మీద వాదన మాత్రం ఇంకా అయిపోలేదు. గల్ఫ్‌లో ఒకే క్యాంపులో మలయాళీ, పంజాబీ, ఒడిశా, తెలుగు, పాకిస్థానీ కలిసి ఉంటారు. సెలవు నాడు మెస్‌లో హాకీ మాట వచ్చిందంటే చాయ్ చల్లారిపోవాల్సిందే. మలయాళీ తమ్ముడు శ్రీజేశ్‌ను మించినవాడు లేడంటాడు. పంజాబీ పాజీ గోల్స్ కొట్టింది మావాళ్లు కదా అంటాడు. పాకిస్థానీ భాయి పాతకాలపు ఆట ముందు ఇదంతా ఎంత అని నవ్వుతాడు.

మనకు ఇందులో ఏం పని అనుకోవద్దు. ఒక మనిషి పనిని ఏ కొలతతో కొలవాలి అన్నదే ఈ వాదనలో అసలు విషయం. అది మన బతుకులకు బాగా దగ్గరి విషయం.

అతన్ని తక్కువ చేసేవాళ్ల మొదటి మాట: తెచ్చింది కాంస్యమే కదా! నిజమే. భారత్ హాకీలో ఎనిమిది ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన దేశం. గోల్‌కీపర్లలోనే చూసినా శంకర్ లక్ష్మణ్ ఉన్నాడు. 1956 మెల్‌బోర్న్‌లో స్వర్ణం, 1960 రోమ్‌లో రజతం, 1964 టోక్యోలో మళ్లీ స్వర్ణం. మెల్‌బోర్న్‌లో అయితే మన జట్టు మొత్తం టోర్నీలో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. 1964 ఫైనల్లో పాకిస్థాన్ మీద 1-0తో గెలిచింది. 1966లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కెప్టెన్‌గా ఉండి స్వర్ణం తెచ్చిందీ ఆయనే. పతకాల లెక్కే లెక్క అయితే శ్రీజేశ్ ఆయన వెనకే నిలబడాలి. వరల్డ్ కప్‌లో శ్రీజేశ్‌కు పతకమే లేదు. 2018లో భువనేశ్వర్‌లో సొంత జనం ముందు క్వార్టర్ ఫైనల్లో నెదర్లాండ్స్ చేతిలో 2-1తో ఓడిపోయాం. 2023లో మళ్లీ సొంత గడ్డ మీదే క్వార్టర్ ఫైనల్ దాకా కూడా పోలేకపోయాం. ఇవన్నీ దాచిపెట్టి పొగిడితే అది అభిమానం అవుతుంది, అంచనా కాదు.

కానీ కట్టడం ఎత్తు చూసేటప్పుడు పునాది ఏ నేలలో వేశారో కూడా చూడాలి. 1976 మాంట్రియల్ నుంచి ఒలింపిక్ హాకీ పచ్చిక వదిలి కృత్రిమ టర్ఫ్ మీదికి వెళ్లింది. బంతి వేగం పెరిగింది. యూరప్ దేశాలు, ఆస్ట్రేలియా ఊరూరా టర్ఫ్‌లు వేసుకున్నాయి. మన పిల్లలు మట్టి నేల మీద నేర్చుకుని టర్ఫ్ మీద పోటీకి పోవాల్సి వచ్చింది. ఆపైన డ్రాగ్‌ఫ్లిక్ వచ్చి గోల్‌కీపర్ పని ప్రాణం మీదికి తెచ్చింది. 1980 మాస్కో స్వర్ణం తర్వాత మన మెట్లు కిందికే దిగాయి. 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌కు అర్హతే దొరకలేదు. 2012 లండన్‌లో పన్నెండు జట్లలో పన్నెండో స్థానం. శ్రీజేశ్ ఆడిన మొదటి ఒలింపిక్స్ అదే. అట్టడుగున ఉన్న జట్టుతో మొదలుపెట్టి వరసగా రెండు ఒలింపిక్ పతకాలతో బయటికి వచ్చాడు. లక్ష్మణ్ కాలంలో జట్టు శిఖరం మీదే ఉంది, దాన్ని ఆయన నిలబెట్టాడు. శ్రీజేశ్ కాలంలో కూలిన గోడను మళ్లీ లేపాలి. రెండూ కష్టమే. వీళ్లిద్దరిలో ఎవరు గొప్ప అని తూకం వెయ్యడం కన్నా ఎవరి కాలంలో వాళ్లు ఏ పని మీద వేసుకున్నారో చూడటం న్యాయం.

రెండో మాట: పతకాలు ఒక్కడివా? ఇదీ సరైన ప్రశ్నే. టోక్యోలో జర్మనీ మీద 3-1తో వెనకబడి 5-4తో గెలిచామంటే ఆ ఐదు గోల్స్ కొట్టినవాళ్లున్నారు. పారిస్‌లో స్పెయిన్ మీద రెండు గోల్సూ కెప్టెన్ హర్మన్‌ప్రీత్ సింగ్‌వే. 2018 నుంచి ఒడిశా ప్రభుత్వం జాతీయ జట్లకు స్పాన్సర్‌గా నిలబడకపోతే శిక్షణ ఆ స్థాయిలో జరిగేదా? కోచ్‌లు, ఫిజియోలు, బెంచీ మీద కూర్చున్నవాళ్లు అందరిదీ ఆ పతకం. శ్రీజేశ్ ఒక్కడే భారత హాకీని బతికించాడన్న మాటతో మేం ఏకీభవించం.

అయినా అతని పని ఎక్కడుందో చూడండి. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల ఫైనల్, ఎదురుగా పాకిస్థాన్, స్కోరు 1-1. షూటౌట్‌లో 4-2తో గెలిచి పదహారేళ్ల తర్వాత స్వర్ణం తెచ్చుకున్నాం. దాంతోనే నేరుగా రియో బెర్త్ దొరికింది. 2021 ఆగస్టు 5న టోక్యోలో జర్మనీ మీద మ్యాచ్ ముగియడానికి కొన్ని సెకన్ల ముందు ప్రత్యర్థికి పెనాల్టీ కార్నర్. అది గోల్ అయి ఉంటే నలభై ఒక్క ఏళ్ల ఎదురుచూపు షూటౌట్‌లో పడేది. శ్రీజేశ్ ఆపాడు. 2024 ఆగస్టు 4న పారిస్ క్వార్టర్ ఫైనల్లో అమిత్ రోహిదాస్‌కు రెడ్ కార్డు పడి నలభై నిమిషాలకు పైగా పది మందితోనే బ్రిటన్‌ను ఎదుర్కొన్నాం. 1-1 దగ్గర నిలబెట్టి, షూటౌట్ 4-2తో గెలిచాం. ఈ మూడు చోట్లా స్కోరు బోర్డు మీద అతని పేరు ఉండదు. గోల్ కొట్టినవాడి పేరు రాస్తారు. ఆపినవాడి పేరు రాయడానికి ఆ బోర్డులో గడే లేదు.

మన సైట్లలో ఈ సంగతి రోజూ చూస్తున్నాం. బిల్డింగు ప్రారంభం నాడు అద్దాల ఎలివేషన్ ముందు ఫొటోలు దిగుతారు. స్లాబ్ పోసేముందు సెంట్రింగ్ కింద దూరి ఒక్కో జాకీ బిగించి చూసినవాడు ఆ ఫొటోలో ఉండడు. స్కాఫోల్డింగ్ క్లాంపు వదులుగా ఉందని పని ఆపించినవాడి మీద ఆ రోజు అందరూ విసుక్కుంటారు. ఆ క్లాంపు ఊడి ఎవరైనా పడి ఉంటే తెలిసేది. పడలేదు కాబట్టి ఎవరికీ తెలియదు. జరగకుండా ఆపిన ప్రమాదానికి రిపోర్టు ఉండదు, బోనసూ ఉండదు. అందుకే గోల్‌కీపర్ గురించి వాదన వస్తే మనం ఊరికే వినిపోలేం.

మూడో మాట: ముప్పై ఆరేళ్ల దాకా ఉండిపోయి వెనకాలవాళ్ల దారికి అడ్డం పడ్డాడని. ఇందులో కొంత బాధ ఉంది. కృషన్ బహదూర్ పాఠక్ లాంటి మంచి గోల్‌కీపర్ ఏళ్ల తరబడి రెండో స్థానంలోనే ఉన్నాడు, పారిస్‌కూ రిజర్వుగానే వెళ్లాడు. గోల్‌పోస్టు దగ్గర ఒక్కడికే చోటు. ఫార్వర్డ్ అయితే నాలుగు నిమిషాలకోసారి మారతాడు, గోల్‌కీపర్ మారడు. రెండోవాడి జీవితం ఎదురుచూపులోనే గడుస్తుంది. కానీ 2017లో మలేసియాలో అజ్లాన్ షా కప్‌లో మోకాలు దెబ్బతిని నెలల తరబడి దూరమైన శ్రీజేశ్ తిరిగొచ్చింది పాత పేరు చూపించి కాదు. 2021లోనూ, 2022లోనూ, 2024లోనూ ప్రపంచంలో ఉత్తమ గోల్‌కీపర్‌గా అంతర్జాతీయ సమాఖ్య అతన్నే ఎంపిక చేసింది. పనిలో మొదటివాడిగా ఉన్నంతకాలం ఉన్నాడు. పారిస్‌కు పోయేముందే ఇదే నా ఆఖరు అని తానే చెప్పి, చెప్పినట్టే వెళ్లిపోయాడు. ఎప్పుడు చేరాలో అందరికీ తెలుసు. ఎప్పుడు వెళ్లాలో తెలిసినవాళ్లు తక్కువ. ఇంకో రెండేళ్లు, ఇంకో రెండేళ్లు అంటూ వీసా పొడిగించుకుంటూ పోయే మనకు ఇది వేరే చెప్పాలా?

వాదనలో ఎవరూ ఎక్కువగా మాట్లాడని సంగతి ఇంకొకటి ఉంది. ఆట మానేశాక మనిషి ఏమవుతాడు? శ్రీజేశ్ విషయంలో దేశం మర్యాదగా నడుచుకుంది. పారిస్ ముగింపు వేడుకలో మను భాకర్‌తో కలిసి జెండా పట్టుకున్నాడు. సీనియర్ జట్టులో అతని 16వ నంబరు జెర్సీని ఇక ఎవరికీ ఇవ్వమని హాకీ ఇండియా ప్రకటించింది. 2025లో పద్మభూషణ్ వచ్చింది. మరి ముందువాళ్లకు? రెండు స్వర్ణాల శంకర్ లక్ష్మణ్ 2006లో జబ్బుతో, డబ్బు ఇబ్బందులతో కన్నుమూశాడు. 1972 మ్యూనిక్ కాంస్య జట్టు గోల్‌కీపర్, కేరళకు తొలి ఒలింపిక్ పతకం తెచ్చిన మాన్యుయల్ ఫ్రెడరిక్‌కు ధ్యాన్‌చంద్ అవార్డు రావడానికి 2019 దాకా పట్టింది. అంటే నలభై ఏడేళ్లు! వాళ్లు తక్కువ ఆడారా? ఆ రోజుల్లో ముఖానికి సరైన రక్షణ కూడా లేకుండా బంతికి ఎదురు నిలబడ్డారు. శ్రీజేశ్‌కు దొరికిన గౌరవం రేపు ప్రతి ఆటగాడికీ దొరకాలి. పేరున్నవాడికి ఒక న్యాయం, మరిచిపోయినవాడికి ఒక న్యాయం ఉండకూడదు. ఎండలో ఇరవై ఏళ్లు పనిచేసి సెటిల్‌మెంట్ కాగితం, రెండు సూట్‌కేసులతో ఇంటికి చేరే మనవాళ్లకు ఈ మాటలో అర్థం ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

తెలుగువాళ్లకు ఈ ఆట పరాయిది కాదు. హైదరాబాద్ వాసి ముఖేశ్ కుమార్ 1992, 1996, 2000 ఒలింపిక్స్ మూడింటిలో భారత్‌కు ఆడాడు. 2003లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలు జరిగింది హైదరాబాద్‌లోనే. హాకీ ఫైనల్లో పాకిస్థాన్‌ను ఓడించి స్వర్ణం గెలిచింది అక్కడే. ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లె నుంచి వచ్చిన ఇ. రజని మహిళల జట్టులో సవిత వెనక రెండో గోల్‌కీపర్‌గా ఏళ్లపాటు ఓర్పుగా నిలబడింది. శ్రీజేశ్‌ను మెచ్చుకునే మనలో ఎంతమంది రజని పేరు విన్నాం? క్రికెట్ టోర్నీకి చందాలు పోగేసే మన సంఘాలు ఒక్కసారైనా ఆ అమ్మాయిని పిలిచి శాలువా కప్పాయా? రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ పతకం వచ్చినప్పుడు చెక్కు ఇచ్చి ఫొటో దిగడంతో సరిపెట్టుకోకూడదు. జిల్లాకొక్క టర్ఫ్ వేసి, దాన్ని తడపడానికి నీళ్లు, చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టాలి. కట్టి తాళం వేసిన స్టేడియం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

ఎర్నాకుళం జిల్లా కిళక్కంబలంలో శ్రీజేశ్ నాన్న ఒక మామూలు రైతు. కొడుక్కి గోల్‌కీపర్ కిట్ కొనడానికి ఇంట్లో ఆవును అమ్మాడని శ్రీజేశే పలుచోట్ల చెప్పాడు. వీసా కోసం పాడి గేదెనో, అరెకరమో, ఇంటావిడ మెడలో గొలుసో అమ్మి వచ్చినవాళ్లం మనం. ఆ ఆవు విలువ మనకు బాగా తెలుసు. ఊళ్లో మన పిల్లవాడు హాకీ కర్ర కావాలని ఫోన్‌లో అడిగితే, అది ఎందుకు పనికొస్తుందిరా అని కసురుకోకండి. ఈ నెల పంపే డబ్బులో దానికీ కొంచెం కలపండి.

పారిస్ తర్వాత జూనియర్ జట్టు కోచ్‌గా శ్రీజేశ్ గల్ఫ్‌కూ వచ్చాడు. 2024 డిసెంబర్ 4న మస్కట్‌లో జూనియర్ ఆసియా కప్ ఫైనల్లో మన కుర్రాళ్లు పాకిస్థాన్‌ను 5-3తో ఓడించారు. గోల్‌పోస్టు ముందు ఉండాల్సినవాడు గీత అవతల నిలబడి పిల్లలకు దారి చెప్పాడు. అతను లక్ష్మణ్ కన్నా గొప్పా కాదా అన్నది మెస్‌లో ఎన్నాళ్లయినా తేలదు, తేలకపోయినా నష్టం లేదు. మా లెక్క మాత్రం ఇది: చేతిలోకి తీసుకున్నప్పుడు పని ఎలా ఉంది, అప్పగించేనాటికి ఎలా ఉంది, వెనకొచ్చేవాడికి నేర్పాడా లేదా. ఈ మూడింటిలోనూ శ్రీజేశ్ నెగ్గాడు. పని చేసే ప్రతి మనిషినీ, మన పక్క మంచం మీద పడుకునే తోటి కార్మికుణ్ణి కూడా, మనం ఇదే కొలతతో కొలవాలి.