మొదట ఎవరికి చెప్పాలి?

మా అక్క కూతురు పెళ్లి చేసుకున్న సంగతి నాకు వాట్సాప్ స్టేటస్‌లో తెలిసింది. రిజిస్ట్రారాఫీసు మెట్ల మీద ఇద్దరూ దండలతో నవ్వుతున్నారు. సంతోషించాల్సిన సమయం. నాకు ముందు కోపమొచ్చింది. ఏళ్ల తరబడి కులాంతర వివాహాల మీద పరిశోధన చేస్తున్న నాకు! పిన్నికి కూడా ఒక్క మాట చెప్పలేదే అని.

వారం తర్వాత ఇంటికొస్తే అడిగాను. “నీకు చెబితే అమ్మ దగ్గర దాచగలిగేదానివా పిన్నీ?” అంది. నా దగ్గర జవాబు లేదు.

ఎదురుగా కూచుని చెప్పడమే మర్యాద అంటాం. కానీ మన ఇళ్లలో పెళ్లి కబురు శుభలేఖ మీద తండ్రుల, తాతల పేర్లతోనే వెళ్లింది. బొట్టు పెట్టి పిలవడానికి ఇంటింటికీ తిరిగింది ఆడవాళ్లే అయినా, వాళ్లు మోసుకెళ్లింది పెద్దల నిర్ణయాన్ని. తన పెళ్లి గురించి తనే చెప్పే సందర్భం పెళ్లికూతురికి ఎక్కడుంది? ఇక విడిపోయిన స్త్రీ అయితే కనిపించిన ప్రతివాళ్లకూ కారణం చెప్పుకుంటూ నలభైసార్లు దోషిలా నిలబడాలి. ఆమె ఫేస్‌బుక్‌లో నాలుగు వాక్యాలు రాసి ఊరుకుంటే ‘బరితెగించింది’ అంటారు.

ముఖాముఖి చెప్పాలంటే ఎదుటి ముఖం భయపెట్టనిదై ఉండాలి. మిర్యాలగూడలో 2018 సెప్టెంబరులో గర్భవతి అయిన భార్య కళ్లెదుటే ప్రణయ్‌ని నరికి చంపారు. మొదటి నిందితుడు ఆమె తండ్రి. ఆయన 2020లో చనిపోయాడు. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష వేసింది.

చట్టమూ తక్కువ తినలేదు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద నోటీసిచ్చి 30 రోజులు ఆగాలి. నకలును ఆఫీసులో అందరికీ కనిపించేచోట అంటిస్తారు. సొంతూరు వేరే జిల్లాలో ఉంటే అక్కడికీ పంపుతారు. అమ్మాయి నోరు విప్పకముందే ప్రభుత్వమే చెప్పేస్తుందన్నమాట. కేరళ 2020లో ఈ నోటీసులను వెబ్‌సైటులో పెట్టడం మానేసింది. జంట కోరితేనే ప్రకటించాలని అలహాబాదు హైకోర్టు 2021 జనవరిలో చెప్పింది. చట్టంలోని సెక్షన్లు మాత్రం అలాగే ఉన్నాయి. మా పిల్ల పేరు ఆ గోడ మీద ఉన్న నెల రోజులూ నేను ఆ ఆఫీసు ముందునుంచే బస్సులో వెళ్లానట!

అలాగని పోస్టులన్నీ స్వేచ్ఛకు గుర్తులని అనను. భార్యను అడక్కుండా ఆమె గర్భవతి అయిన సంగతి గ్రూపుల్లో చాటే భర్తలున్నారు. మన సంస్థలేం తక్కువ? మనం దగ్గరుండి జరిపించిన పెళ్లిళ్ల ఫొటోలు, ఊరి పేర్లతో సహా, మన పేజీల్లో పెట్టేస్తాం. నిధులిచ్చేవాళ్లకు రిపోర్టులో చూపించాలి కదా. అమ్మాయిని అడిగామా? అడిగినా, మన సాయం మీద ఆధారపడిన మనిషి వద్దనగలదా? ఆ ఫొటోలు ఈ వారమే తీసేసి, వాళ్లను మళ్లీ అడుగుదాం.

మా అక్క కూతురితో మాట్లాడుతోంది. నాతో ఇంకా లేదు. నాకు ముందే తెలుసునని ఆమె నమ్మకం.