ఫ్రాన్సు ఏ ఖండంలో ఉంది?

ఈ ప్రశ్న ఏ బడిపిల్లవాణ్ణి అడిగినా "యూరప్‌లో" అని ఠక్కున చెప్పేస్తాడు. వాడికి సగం మార్కులే వెయ్యాలంటాను నేను. ఎందుకంటారా? ఫ్రాన్సుకున్న సరిహద్దుల్లోకెల్లా పొడవైనది బ్రెజిల్‌తో! సుమారు 730 కిలోమీటర్లు. కావాలంటే దక్షిణ అమెరికా పటం విప్పి ఈశాన్యపు అంచు చూడండి. ఇటు సురినామ్, అటు బ్రెజిల్, నడుమ ఫ్రెంచి గయానా. వైశాల్యం 84 వేల చదరపు కిలోమీటర్లకు కాస్త తక్కువ. నూటికి తొంభై పాళ్లకు పైగా అడవే. జనం మూడు లక్షలకు అటూ ఇటూ. ముఖ్యపట్టణం కేయెన్. చెల్లే డబ్బు యూరో.

యాత్రికులకు పుస్తకాలు చెప్పే మాటలు నాలుగే. ఆగస్టు, నవంబరు నెలల మధ్య వెళ్లండి, తతిమ్మా కాలమంతా దాదాపు వానలే. ఎల్లో ఫీవర్ టీకా పత్రం మరవకండి. దోమతెర పట్టుకెళ్లండి. యూరప్ తిరిగే మామూలు షెంగెన్ వీసా అక్కడ పనికిరాదు, వేరే తీసుకోండి.

అదేమిటండీ! ఫ్రాన్సే అయితే వేరే వీసా ఎందుకు? 2017లో ఒయాపోక్ నది మీద వంతెన తెరిచారు. అప్పటికి బ్రెజిల్ యాత్రికుడు పారిస్ వెళ్లడానికి వీసా అక్కర్లేదు. ఎదుటి ఒడ్డుకి వెళ్లడానికి మాత్రం కావాలి! జెండాకి ఫ్రాన్సు, గుమ్మం దగ్గర పరాయి చోటు. ఇదీ వరస.

మొదట్నించీ అంతే. 1852 నుంచి దాన్ని ఖైదీల కొట్టు చేశారు. నిరపరాధి డ్రేఫస్‌ని 1895లో అక్కడి డెవిల్స్ దీవిలోనే పడేశారు. ఆ తరవాత దొరలకి భూమధ్యరేఖ గుర్తొచ్చింది. కురూ అయిదో అక్షాంశం దగ్గరుంది. అక్కణ్ణించి ఎగిరే రాకెట్టుకి భూభ్రమణం ఊతమిస్తుంది. పల్లెలు ఖాళీ చేయించి కేంద్రం కట్టారు. 1968లో మొదటి రాకెట్టు లేచింది. మన 'ఆపిల్' ఉపగ్రహం 1981లోనూ, వాతావరణం కనిపెట్టే ఇన్‌శాట్-3డి 2013లోనూ అక్కణ్ణించే వెళ్లాయి. తుపాను కబురు ముందే తెలుసుకునే మనమూ ఆ నేలకి రుణపడ్డవాళ్లమే.

2017లో ఆ జనం ఆస్పత్రులు కావాలి, బళ్లు కావాలి అంటూ దారులు దిగ్బంధం చేశారు. మార్చిలో లేవవలసిన ఏరియాన్ రాకెట్టు మే దాకా నేల మీదే కూచుంది. "చుట్టుపక్కల దేశాల కంటే వాళ్లకేం తక్కువ?" అని సన్నాయి నొక్కులు నొక్కేవాళ్లున్నారు. ఒక ఇంటి బిడ్డే అన్నాక పక్కింటి పిల్లలతో పోలికేమిటండీ? పెట్టిన కంచం తోబుట్టువుల కంచంతో పోల్చి చూడాలి గానీ!

లోపలి అడవిలో మారిపసూలా అని ఊరుంది. తీరం నుంచి దానికి రోడ్డు లేదు. విమానమన్నా ఎక్కాలి, పడవన్నా ఎక్కాలి. ఆకాశానికి బాట వేసిన ఘనులకి, ఆ ఊరికి బాట వెయ్యడానికి ఏం అడ్డొచ్చిందో అడగాలా వద్దా?