మెట్ల దారిన తిరుమలకు వెళ్లేవారికి

పిల్లవాడు పరీక్ష గట్టెక్కినా, ఆడపిల్లకు సంబంధం కుదిరినా, మిర్చికి మంచి ధర పలికినా మన జగ్గయ్యపేట, నందిగామ వైపు కుటుంబాలవారు మొక్కుకునే మొక్కు ఒకటుంది. "స్వామీ, మెట్ల దారిన నడిచి నీ కొండకు వస్తాం" అని. బెజవాడ వెళ్లి రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి తిరుపతి. టిక్కెట్లు నెలల ముందు కొంటారు. పులిహోర, చేగోడీలు, దుప్పట్లు వారం ముందునుంచే సర్దుతారు. కాని కొండ ఎక్కవలసిన కాళ్లను, గుండెను కూడా సిద్ధం చేసుకోవాలన్న సంగతి చాలామందికి తట్టదు.

అలిపిరి దారిలో 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్ల నడక. శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు, దూరం 2 కిలోమీటర్ల పైచిలుకు. దూరం తక్కువ గనుక ఈ రెండవది తేలిక అనుకోకండి. తక్కువ దూరంలో నిలువుగా ఎక్కవలసి వుంటుంది. అలిపిరి నుంచి గాలిగోపురం వరకు మెట్లు ఆయాసం తెప్పిస్తాయి. ఆ తరువాత చాలా దూరం నడక సుళువే. చివర మోకాళ్ల మెట్టు మళ్లీ పరీక్ష పెడుతుంది. గాలిగోపురం దాటగానే "అయిపోయింది" అనుకుని పరుగెత్తేవారు ఇక్కడ అలసిపోతారు.

మన పాత కృష్ణాజిల్లా మెట్ట తాలూకాలు 2022 నుంచి ఎన్.టి.ఆర్. జిల్లాలో వున్నాయి. పేరుకు మెట్టేగాని ఇక్కడ మెట్లెక్కే అలవాటు మనకు తక్కువ. పొలం గట్లమీద తిరిగే రైతుకు కొంత నయం. ఉదయంనుంచి రాత్రిదాకా కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చునే వ్యాపారికి, హైవేమీద లారీ నడిపే డ్రైవరుకు, ఆఫీసులో కుర్చీ వదలని గుమాస్తాకు ఒక్కసారిగా మూడువేల మెట్లంటే గుండెకు పెద్ద పనే.

ఎవరు ముందు డాక్టరును చూడాలి?

నలభై దాటిన ప్రతివారూ బి.పి., షుగరు చూపించుకుని బయలుదేరడం మంచిది. గుండె జబ్బు, ఉబ్బసం, మూర్ఛ, మూత్రపిండాల జబ్బు వున్నవారు, గర్భిణీలు డాక్టరు చెప్పనిదే మెట్ల జోలికి పోకూడదు. ఇక్కడ ఒక హెచ్చరిక. ఇ.సి.జి. బాగున్నదంటే గుండె బాగున్నదని పూర్తి హామీ కాదు. నడిస్తే గుండెలో బరువు, కూర్చుంటే తగ్గడం అన్న లక్షణం వుంటే ఆ మాట దాచకుండా చెప్పండి. అటువంటి వారికి వేరే పరీక్షలు అవసరమవుతాయి. "చెబితే కొండెక్కవద్దంటారు" అని నోరు మెదపనివారు తమ ప్రాణంతో చెలగాటమాడుతున్నట్టే.

60 ఏళ్లు దాటినవారు, దీర్ఘవ్యాధులున్నవారు కాలినడకన రాకపోవడం మంచిదని తిరుమల తిరుపతి దేవస్థానమే 2024లో సూచించింది. ఇంట్లో నాన్నగారికో అత్తగారికో ఈ మాట చెప్పడం కష్టం. "మొక్కు నాది, నేనే నడవాలి" అంటారు. వారిని బస్సులో పంపి, వారి తరఫున కొడుకో కోడలో మెట్లెక్కవచ్చు. వారి పట్టుదలకు తలవంచడం మర్యాద కాదు, ప్రమాదం.

ఆరు వారాల సాధన

మొదటివారం చదునైన దారిలో రోజుకు అరగంట నడవండి. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి. మాట తెగిపోతుంటే వేగం ఎక్కువైనట్టు. వారానికి పదేసి నిమిషాలు పెంచండి. మూడవ వారంనుంచి మేడ మెట్లు ఎక్కడం మొదలుపెట్టండి. నాలుగైదు వారాలయ్యాక ఒక ఆదివారం కొండపల్లి కోటకు నడిచి ఎక్కండి, లేదా బెజవాడ ఇంద్రకీలాద్రి మెట్లు ఎక్కండి. అక్కడే మీ సత్తా మీకు తెలుస్తుంది. రెండంతస్తుల మెట్లకే ఆగవలసివస్తే ఈ ఏటికి బస్సే మేలు.

షుగరు వున్నవారికి

పరగడుపున ఎక్కడం పుణ్యమని కొందరు నమ్ముతారు. ఇన్సులిన్ లేదా గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు వాడేవారు తిండి మాని మెట్లెక్కితే రక్తంలో చక్కెర ఒక్కసారి పడిపోయి కళ్లు తిరుగుతాయి, చెమటలు పోస్తాయి, స్పృహ తప్పవచ్చు. ఆ రోజు మందు మోతాదు ఎంతో ముందే డాక్టరును అడగండి. జేబులో గ్లూకోజు పొడి వుండాలి. లక్షణాలు కనిపించగానే మూడు చెంచాలు నీళ్లలో కలిపి తాగి, పావుగంట కూర్చోండి. అప్పటికీ తగ్గకపోతే మళ్లీ అంతే తాగి, వైద్యసాయం కోరండి.

పాదాల సంగతి మరీ ముఖ్యం. మా ఆసుపత్రికి వచ్చిన ఒక రైతు పన్నెండేళ్లుగా షుగరు రోగి. పాదాలు మొద్దుబారాయి. ఉత్త కాళ్లతో కొండెక్కాడు. ఎండకు కాగిన రాయిమీద అరికాలు బొబ్బలెక్కినా ఆయనకు నొప్పి తెలియలేదు. పది రోజుల తరువాత వాసన వస్తున్నదని భార్య గమనించి తీసుకువచ్చింది. ప్రాణం దక్కింది గాని రెండు కాలివేళ్లు తీసేయవలసి వచ్చింది. నొప్పి తెలియని పాదం వున్నవారు ఉత్త కాళ్లతో నడవరాదు. దేవుడు ఈ ఒక్క మినహాయింపు ఇవ్వకపోడు.

ఏమి సర్దుకోవాలి?

అలిపిరిలో పెద్ద సామాను దేవస్థానం కౌంటరులో ఇస్తే కొండపైకి చేరవేస్తారు. మంచి సదుపాయమే. కాని మందుల డబ్బా కూడా ఆ సంచిలోనే పెట్టి ఇచ్చేస్తారు చాలామంది! మెట్ల మధ్యలో మాత్ర కావలసి వస్తే ఏం చేస్తారు? అందుచేత భుజాన ఒక చిన్న సంచి ప్రత్యేకంగా వుండాలి. అది మీ బరువులో పదోవంతు మించరాదు. తక్కువైతే మరీ మంచిది. అందులో వుండవలసినవి ఇవి:

1. రోజూ వాడే మందులు, రెండు రోజులకు ఎక్కువగానే. ఇన్సులిన్ ఎండ తగలని చల్లని సంచిలో వుండాలి, మంచుగడ్డకు ఆనించరాదు. ఉబ్బసం వారి ఇన్హేలరు.

2. స్టీలు సీసాలో నీళ్లు. కొండమీద ప్లాస్టిక్ సీసాలకు నిషేధం వుంది.

3. ఓ.ఆర్.ఎస్. పొట్లాలు రెండు. పొట్లం మీద రాసిన కొలత నీటిలోనే కలపాలి. పొట్లం లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు. చెంచాలు తలకొట్టినవి కావాలి.

4. అరటిపళ్లు, వేరుశనగ ఉండలు. నూనెలో వేగినవి కొండ దిగాక తినవచ్చు.

5. శుభ్రమైన గాజుగుడ్డ, బ్యాండేజి, అయొడిన్ మందు, పారాసెటమాల్ మాత్రలు.

6. ఒక కాగితం. దానిమీద మీ పేరు, జబ్బు, వాడే మందులు, ఇంటివారి ఫోను నంబరు.

ఒళ్లు నొప్పులకని కిళ్లీకొట్టులో దొరికే మాత్రలు వేసుకోవద్దు. చెమట పోసి ఒంట్లో నీరు తగ్గినప్పుడు డైక్లోఫినాక్ వంటివి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. మన జిల్లాలోనే ఎ.కొండూరు తండాల్లో మూత్రపిండాల జబ్బుతో ఎన్ని కుటుంబాలు అవస్థపడుతున్నాయో మీకు తెలియనిది కాదు.

మెట్లమీద

ఏప్రిల్ నుంచి జూన్ వరకు మధ్యాహ్నం ఎండలో ఎక్కకండి. తెల్లవారుజామున బయలుదేరండి. దాహం వేసేదాకా ఆగక కొద్దికొద్దిగా నీళ్లు తాగండి. పిల్లలను చెయ్యి పట్టుకుని గుంపు మధ్యలో నడిపించండి; 2023 ఆగస్టులో ఈ దారిలో ఒక పసిపిల్లను చిరుత చంపిన సంగతి మరువరాదు. దిగేటప్పుడు మోకాళ్లమీద భారం ఎక్కువ. కీళ్లనొప్పులవారు బస్సులో దిగండి.

గుండెల్లో బరువు, ఎడమచేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమట, ఊపిరాడకపోవడం, వీటిలో ఏది వచ్చినా ఉన్నచోటే కూర్చోండి. "గ్యాసు పట్టింది" అని సోడా తాగి మళ్లీ ఎక్కేవారే ఎక్కువగా ప్రాణం మీదికి తెచ్చుకుంటారు. 108కి ఫోను చేయండి. దారిలోని సిబ్బందికి చెప్పండి. పడనిదని డాక్టరు చెప్పివుండకపోతే, కడుపులో పుండ్లు, రక్తస్రావం లేకపోతే, 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలి మింగవచ్చు. మనిషి స్పృహ తప్పి ఊపిరి ఆగితే ఛాతీ నడుమ రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాల లోతుకు నొక్కుతూ వుండాలి. సాయం వచ్చేదాకా ఆపకూడదు. ఇది ఇంట్లో ఒక్కరైనా నేర్చుకుని బయలుదేరడం మంచిది.

సగం దారిలో ఆగి వెనక్కి వచ్చినవారి మొక్కు చెల్లదని ఎవరూ అనలేదు. వచ్చే ఏడు మళ్లీ ఎక్కవచ్చు. రైలు టిక్కెట్టు కొన్న రోజే నడక కూడా మొదలుపెట్టండి.